క్యాసెట్టెక్కిన రేడియో

స్టూడియో ఉంది. రికార్డింగు యంత్రాలున్నాయి. ట్రాన్స్‌మిటర్ ఉంది. మాట్లాడేవాళ్లున్నారు, పాడేవాళ్లున్నారు, చెవులు రిక్కించి వినేందుకు 75 ఊళ్లున్నాయి. లేనిదల్లా ఒక్క కాగితం. దానికోసం జహీరాబాద్ ప్రాంతపు ఆడవాళ్లు పదేళ్లు ఎదురుచూశారు... చేతులు ముడుచుకుని మాత్రం కాదు!

హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే జాతీయ రహదారి మీద సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణిస్తే జహీరాబాద్ వస్తుంది. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. చెరకు బళ్లు, అల్లం బస్తాలు, ఆలుగడ్డ లారీలు, ట్రాక్టర్ల ఫ్యాక్టరీ... ఇంకాస్త ముందుకెళితే కర్ణాటక. అందుకే ఇక్కడి తెలుగులో ఉర్దూ, కన్నడం, మరాఠీ కలగలిసిపోయి ఉంటాయి. పట్టణాన్ని ఆనుకునే పస్తాపూర్ అనే ఊరుంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఉండేది అక్కడే. అందరూ డీడీఎస్ అంటారు. 1983లో మొదలైన ఈ సంస్థ చుట్టుపక్కల 75 ఊళ్లలో మహిళా సంఘాలు పెట్టించింది. సభ్యులు దాదాపు 5 వేలమంది. ఎక్కువమంది దళితులు. బడి ముఖం చూడనివాళ్లు. ఉంటే ఎకరమో రెండెకరాలో, అదీ వానను నమ్ముకున్న చెలక.

ఈ సంఘాలవాళ్లకోసం మాచునూరు అనే ఊళ్లో 1998లోనే ఓ రేడియో కేంద్రం తయారైంది. ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో సాయం చేసింది. మీట నొక్కితే చాలు, మాచునూరు గొంతు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ వినిపిస్తుంది. కానీ నొక్కితే నేరం!

వినడానికీ లైసెన్సే

మన దేశంలో గాలిలోకి ఓ మాట వదలాలంటే సర్కారు అనుమతి ఉండాలి. ఆ మాటకొస్తే ఒకప్పుడు వినడానికీ ఉండాల్సిందే. ఇప్పుడు యాభై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది- ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసుకెళ్లి లైసెన్సు పుస్తకం తీసుకోవాలి, ఏటా రుసుము కట్టాలి. 1980ల మధ్యలో ఆ బాధ తప్పింది. వినడానికి ఉన్న తాళం ఊడింది కానీ పలకడానికి ఉన్నది అలాగే ఉండిపోయింది. ఆ తాళం వయసు తక్కువేం కాదు. తెల్లదొరలు 1885లో చేసిన టెలిగ్రాఫ్ చట్టం అది. అప్పటికి అసలు రేడియో అనేదే పుట్టలేదు!

ఆ తాళాన్ని మొదటిసారి గట్టిగా కదిపింది ఎవరో ఉద్యమకారులు కాదు, క్రికెట్. 1993లో హీరో కప్ పోటీలు జరిగాయి. వాటిని టీవీలో చూపించే హక్కుల్ని బెంగాల్ క్రికెట్ సంఘం ఓ విదేశీ సంస్థకు అమ్ముకుంది. మా దూరదర్శన్ ఉండగా బయటివాళ్లు ఆకాశంలోకి బొమ్మ ఎలా పంపుతారంది సర్కారు. గొడవ సుప్రీంకోర్టుకెక్కింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. జస్టిస్ పీబీ సావంత్, జస్టిస్ ఎస్.మోహన్, మన తెలుగువారైన జస్టిస్ బీపీ జీవన్‌రెడ్డి... ముగ్గురు న్యాయమూర్తులూ ఒక విషయం తేల్చిచెప్పారు. గాలితరంగాలు ప్రజల ఆస్తి. వాటిమీద సర్కారుకు గుత్తాధిపత్యం లేదు. అలాగని డబ్బున్నవాడి సొత్తూ కాదు. జనం మేలుకోసం వాడాలి.

క్రికెట్ చూసినవాళ్లు తీర్పు సంగతి మర్చిపోయారు. పస్తాపూర్‌లో మాత్రం మర్చిపోలేదు. గాలి ప్రజలదే అయితే జహీరాబాద్ చెలకల్లో కలుపు తీసే ఆడవాళ్లూ ఆ ప్రజల్లోవాళ్లే కదా! ఆ ధైర్యంతోనే రేడియో కేంద్రం కట్టుకున్నారు. అనుమతి ఇమ్మని అర్జీ పెట్టుకున్నారు. కుదరదు పొమ్మన్నారు. సంఘాలకూ సంస్థలకూ రేడియో ఇచ్చే విధానమే లేదు మరి. విచిత్రం ఏమిటంటే వేలం పాట పాడి కోట్లు కట్టగలిగిన కంపెనీలకు మాత్రం అదే కాలంలో దారి తెరుచుకుంది. 2001 జులైలో బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్ఎం మొదలైంది. సినిమా పాటలు గాలెక్కాయి. తిరగలి పాటలు మాచునూరు గది దాటలేదు.

మా జొన్న సంగతేంటి?

అయినా ఆకాశవాణి ఉంది కదా, వీళ్లకు సొంత రేడియో ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు జహీరాబాద్ చేలల్లోనే ఉంది. ఇక్కడి మెట్ట రైతు ఒక చేలో ఒకే పంట వేయడు. జొన్న మధ్య కంది, దాని పక్కన పెసర, మినుము, అవిసె, అంచున కుసుమ... కొర్రలు, సామలు, సజ్జలు సరేసరి. ఒక్క చేలో పదీ పదిహేను రకాలు కనిపించడం మామూలే. నీళ్లు పెట్టకుండా, ఎరువు వేయకుండా చలికాలపు మంచుకే పండే పంటలున్నాయి. వాటిని వీళ్లు సత్యం పంటలు అంటారు. రేడియోలో వ్యవసాయ కార్యక్రమం పెడితే వరి, పత్తి, యూరియా, పురుగుమందు. వాటిల్లో ఈ చేను ఎక్కడుంది? పైగా ఆ భాష పుస్తకాల తెలుగు. అది వచ్చే వేళకు ఈ ఆడవాళ్లు చేలో ఉంటారు, లేదంటే పొయ్యి దగ్గర ఉంటారు.

ఇంకో సంగతీ ఉంది. ఏ విత్తనం ఎప్పుడు వేయాలి, దేనికి బూడిద కలిపి దాచాలి, ఏ ఆకు ఏ జబ్బుకు పనికొస్తుంది, ఏరువాక పున్నమికి ఏం పాడాలి... ఇవన్నీ ముసలమ్మల నోళ్లలో ఉన్నాయి తప్ప కాగితం మీద లేవు. ఒక ముసలమ్మ పోతే ఆ సరుకంతా ఆమెతోనే పోతుంది. రాయడం రానివాళ్లు దాన్ని దాచుకునే దారేది? మైకు ముందు కూర్చోడానికి అక్షరాలతో పనిలేదు. డీడీఎస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన పీవీ సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాత. సర్కారీ టీవీని లోపలినుంచి చూసిన మనిషి. యంత్రాన్ని ఈ ఆడవాళ్ల చేతిలోనే పెడితే ఏమవుతుందో చూద్దామనుకున్నారు.

ముందు వీడియో కెమెరా పెట్టారు. వాళ్లు దాన్ని నేర్చుకున్న తీరు చెప్పుకోవాలి. సినిమావాళ్లు హై యాంగిల్, లో యాంగిల్ అంటారే, వాటికి సంఘం ఆడవాళ్లు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది ‘పటేల్ షాట్’. అరుగు మీద కూర్చున్న దొర కింద నిలబడ్డ కూలిని చూసినట్టన్నమాట. కిందినుంచి తలెత్తి చూసేది ‘బానిస షాట్’. కంటికి కన్ను సమానంగా ఉండేది ‘సంఘం షాట్’. చాప మీద అందరూ ఒక్కచోట కూర్చుంటే కనిపించేలా! ఏ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ పుస్తకంలోనూ ఇంత సూటిగా చెప్పి ఉండరు. 2001లో వీళ్లంతా కలిసి కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. ఆ తర్వాత వరంగల్ జిల్లాకెళ్లి బీటీ పత్తి వేసి నష్టపోయిన రైతుల మీద తీసిన చిత్రాలు విదేశాలకూ వెళ్లాయి.

రేడియో పని ప్రధానంగా ఇద్దరి మీద పడింది. ఇద్దరూ దళిత మహిళలు, ఇద్దరి పేరూ నర్సమ్మే. అందుకే ఒకరిని ఆల్గోల్ నర్సమ్మ అనీ మరొకరిని జనరల్ నర్సమ్మ అనీ పిలిచేవారు. చదివింది పదో తరగతి. రికార్డింగు, ఎడిటింగు, మీటలూ తీగలూ... అన్నీ వాళ్లే.

సంచిలో స్టేషన్

గాలి దారి మూసేస్తే ఏం చేయాలి? నేల దారి పట్టారు. కార్యక్రమాల్ని రికార్డు చేసి క్యాసెట్లలోకి ఎక్కించారు. క్యాసెట్లు సంచిలో వేసుకుని ఊళ్లకు వెళ్లారు. సంఘం సమావేశం జరిగేది రాత్రిపూట, పనులన్నీ అయ్యాక. ఆడవాళ్లు చుట్టూ కూర్చునేవారు, మధ్యలో టేప్‌రికార్డరు. మీట నొక్కగానే పక్క ఊరి అవ్వ గొంతు వినిపించేది. ఫలానా ఊళ్లో ఫలానా విత్తనం దొరుకుతుందట, ఫలానా సంఘం ధాన్యం నిధి ఇలా నడుపుతోందట, పశువుకు ఉబ్బరం వస్తే ఈ ఆకు పెట్టాలట... మధ్యలో ఓ పాట, ఓ సామెత, ఓ పరాచికం.

దీనికి ఇంగ్లిషులో నారోకాస్టింగ్ అని గొప్ప పేరుంది. నిజానికి చేతినుంచి చేతికి పంచుకోవడమే. ఆ రోజుల్లో క్యాసెట్టు చూసినవాళ్లకు అందులో కష్టం తెలుసు. గంట క్యాసెట్టుకు నకలు తీయాలంటే మామూలు యంత్రం మీద గంటా కూర్చోవాలి. నకలుకు నకలు తీస్తూ పోతే గొంతు పల్చబడి బుస్సుమనే శబ్దం మిగులుతుంది. ఎండకు పెడితే టేపు వంకర్లు పోతుంది. బ్యాటరీలు నీరసిస్తే ఆడగొంతు మగగొంతవుతుంది! పాడవుతుందని భయపడితే మాత్రం పని నడవదు.

అయితే ఆకాశవాణికి లేని సౌకర్యం ఒకటి ఈ ఏర్పాటులో ఉంది. రేడియో వినేవాడు రేడియోకు బదులు చెప్పలేడు. క్యాసెట్టును మాత్రం ఆపవచ్చు. మధ్యలో ఆపి, ఆమె చెప్పింది మా ఊళ్లో చెల్లదు, మా నేల వేరు అనవచ్చు. ఆ మాటే మళ్లీ రికార్డయి ఇంకో క్యాసెట్టులోకి ఎక్కవచ్చు. అలా వింటున్నవాళ్లే రేపటికి చెప్పేవాళ్లయ్యారు. ప్రసారం అన్నదే లేకుండా ఓ రేడియో కేంద్రం పదేళ్లపాటు కార్యక్రమాలు తయారుచేసింది. అవి వందల గంటలకు చేరాయి.

అనుమతి వచ్చాక చూద్దాంలే అని గదికి తాళమేసి ఉంటే? ట్రాన్స్‌మిటరుకు తుప్పు పట్టేది, నేర్చుకున్న చేతులు పని మరిచేవి. అర్జీలు పెట్టి అలసిపోయిన సంస్థలు దేశంలో చాలానే ఉన్నాయి.

ఆటబొమ్మలోనూ ఇదే గొడవ

మాచునూరులో క్యాసెట్లు తిరుగుతున్న రోజుల్లోనే ప్రపంచం ఇంకో మూల ఇలాంటి పనే జరుగుతోంది. అక్కడ తాళం గాలికి కాదు, పిల్లల చేతిలోని ఆటబొమ్మకు! అరచేతిలో పట్టుకుని ఆడుకునే వీడియోగేమ్ యంత్రాలుంటాయి కదా... నింటెండో కంపెనీ గేమ్‌బాయ్, డీఎస్, సోనీ కంపెనీ ప్లేస్టేషన్ పోర్టబుల్ వంటివి. నిజానికి అవి చిన్న కంప్యూటర్లే. తెర, మీటలు, మెదడు అన్నీ ఉంటాయి. కానీ కంపెనీ ముద్ర వేసిన ఆటలు తప్ప మరొకటి వాటిల్లో నడవదు. డబ్బు పెట్టి కొన్నది మనం, ఏం ఆడాలో చెప్పేది వాళ్లు. రేడియో పెట్టె మనదే అయినా పలికేది వేరేవాళ్లు అయినట్టే.

ఇది నచ్చని కుర్రాళ్లు కొందరు ఇంట్లో కూర్చుని సొంతంగా ఆటలు రాయడం మొదలుపెట్టారు. తాళం తీసే ఉపాయాలు కనిపెట్టారు. రాసినవాటిని ఇంటర్నెట్‌లో ఒకరికొకరు ఉచితంగా పంచుకున్నారు. వీటికి ‘హోమ్‌బ్రూ’ అని పేరు. అంటే ఇంట్లో కాచుకున్నది. పేరు బీరునుంచి వచ్చింది, మన పక్కన అయితే గుడుంబా అని ఉండేదేమో! అందులో ఆటలే కాదు, పుస్తకాలు చదివే ప్రోగ్రాములు, పాటలు కట్టే ప్రోగ్రాములు కూడా ఉండేవి. స్వీడన్ కుర్రాడొకడు 2000 ప్రాంతంలో రాసిన ‘లిటిల్ సౌండ్ డీజే’ మామూలు గేమ్‌బాయ్‌ను సంగీత వాద్యంగా మార్చేసింది. దానితో కచేరీలు చేసేవాళ్లు నేటికీ ఉన్నారు.

సోనీ యంత్రం 2004 డిసెంబరులో జపాన్‌లో విడుదలైంది. 2005 మే నాటికే దానిమీద సొంత ప్రోగ్రాము నడిపి చూపించారు. కంపెనీ ఊరుకుంటుందా? సాఫ్ట్‌వేర్‌ను సవరిస్తూ కంతలు పూడ్చింది. అదే ఏడాది వచ్చిన ఓ సవరణలో ఇంటర్నెట్ చూసే సౌకర్యం ఇచ్చింది. దానితోపాటే కొత్త తాళమూ బిగించింది. బెల్లం ముక్కలో మాత్ర పెట్టినట్టు! కొద్ది వారాలకే ఓ ఫొటో ఫైలును తెరిస్తే ఆ తాళం ఊడేలా మరొకరు దారి కనిపెట్టారు. దొంగా పోలీసూ ఆట ఏళ్ల తరబడి సాగింది.

కంపెనీల వాదనను కొట్టిపారేయడానికి లేదు. తాళం తీసే దారిలోనే దొంగ ఆటలూ దూరుతాయి, కష్టపడి ఆట తయారుచేసినవాడు నష్టపోతాడు. అది నిజమే. ఇటు మన సర్కారు వాదన కూడా ఇంచుమించు అదే బాణీ. రేడియో అందరి చేతికీ ఇస్తే దేశ భద్రత ఏం కాను? దొంగ భయంతో తాళం వేయడం తప్పు కాదు. కానీ ఇంట్లోవాళ్లకు ఒక్క తాళంచెవి కూడా ఇవ్వకపోతే?

కంపెనీ దుకాణం మూసేశాక మిగిలేదేమిటో కూడా ఆటల లోకమే చూపించింది. నింటెండో తన 3డీఎస్ అనే చేతియంత్రానికి ఇంటర్నెట్‌లో ఆటలమ్మే అంగడిని 2023 మార్చిలో మూసేసింది. ఆ యంత్రాలు పాడవలేదు. వాటికి కొత్త ఆటలు రాసి పంచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

యాభై రూపాయల స్టేషన్

క్యాసెట్టు దారి పట్టకుండా సరాసరి గాలిలోకే దూకినవాళ్లూ ఉన్నారు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో చిన్న ట్రాన్స్‌మిటరుతో ‘మన రేడియో’ మొదలుపెట్టారు. ఊరు దాటని పాటి శక్తి దానిది. 2003 ఫిబ్రవరిలో అధికారులొచ్చి మూయించి, సామాను పట్టుకెళ్లారు.

బిహార్‌లో వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో రాఘవ్ మహతో అనే కుర్రాడు రేడియోలు బాగుచేసే దుకాణం నడిపేవాడు. పాత సామానుతో యాభై రూపాయల ఖర్చులో ట్రాన్స్‌మిటరు తయారుచేశాడు. దాన్ని వెదురుగడకు కట్టి పక్కనున్న ఆసుపత్రి మేడ మీద నిలబెట్టి, తన దుకాణానికి తీగ లాగాడు. ‘రాఘవ్ ఎఫ్ఎం మన్సూర్‌పూర్ 1’ అని పేరు. భోజ్‌పురి పాటలు, ఊళ్లో ఎవరైనా తప్పిపోతే ప్రకటనలు, ఎయిడ్స్ జాగ్రత్తలు. 2003లో మొదలైన ఈ స్టేషన్ గురించి 2006 తొలి నెలల్లో విదేశీ మీడియాలో వార్త వచ్చింది. లోకానికి తెలిసిన కొన్నాళ్లకే సర్కారుకూ తెలిసింది. ఆ మార్చిలోనే మూతపడింది. రేడియోకు లైసెన్సు కావాలన్న సంగతే అతనికి తెలియదట!

కర్ణాటకలోని కోలారు జిల్లా బూదికోటెవాళ్లు మాత్రం చట్టంలో చిన్న సందు చూశారు. అనుమతి కావాల్సింది గాలికి కదా, తీగకు కాదు కదా! ‘నమ్మ ధ్వని’ పేరుతో తయారుచేసిన కార్యక్రమాల్ని ఊళ్లోని కేబుల్ టీవీ తీగలోంచే ఇళ్లకు పంపించారు.

మాచునూరు ఆడవాళ్లు ఓర్వకల్లు దారిలో వెళ్లి మీట నొక్కి ఉండొచ్చు. యంత్రం అక్కడే ఉంది. ఆపగలిగేవాళ్లు ఎవరూ ఆ గదిలో లేరు. కానీ ఒక్కసారి సామాను సీజయితే పదేళ్ల పని పోలీసు స్టేషన్ మూల పడేది. వాళ్లు మీట జోలికి పోలేదు. అలాగని గొంతూ తగ్గించుకోలేదు. 2000 జులైలో యునెస్కో అండతో హైదరాబాద్‌లో జరిగిన సదస్సుకు దేశంలో ఈ రంగంలో పనిచేస్తున్నవాళ్లంతా వచ్చారు. చివర్న పస్తాపూర్‌లో కూర్చుని ఓ ప్రకటన చేశారు. ప్రభుత్వ రేడియో, ప్రైవేటు రేడియోలతోపాటు ప్రజల రేడియో అనే మూడో అంచె ఉండాలన్నది దాని సారాంశం. ‘పస్తాపూర్ ప్రయత్నం’గా దాన్ని ఢిల్లీలో ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. జహీరాబాద్ పక్కన ఓ చిన్న ఊరి పేరు దేశ ప్రసార విధానాల చరిత్రలోకి ఎక్కింది అలాగే.

నాలుగు శాఖలు, ఒక జొన్నరొట్టె

సర్కారు మెత్తబడింది, కానీ సగమే. ముందు కాలేజీలకు, విశ్వవిద్యాలయాలకు ఇస్తామంది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం ఎఫ్ఎం మొదలైంది. అంటే చదువుకున్నవాళ్ల చేతికైతే ఫర్వాలేదు! చదువు రానివాళ్లకే రేడియో ఎక్కువ అవసరమన్న మాట అర్థమవడానికి మరో రెండేళ్లు పట్టింది. 2006 నవంబరులో కేంద్ర మంత్రిమండలి కొత్త విధానాన్ని ఆమోదించింది. స్వచ్ఛంద సంస్థలూ రేడియో పెట్టుకోవచ్చంది.

పెట్టుకోవచ్చు అన్నాక కూడా పని చిటికెలో అవలేదు. సంస్థకు కనీసం మూడేళ్ల వయసుండాలి. అర్జీని సమాచార ప్రసార శాఖతోపాటు హోం, రక్షణ, మానవ వనరుల శాఖలు చూడాలి. ఫ్రీక్వెన్సీ ఇవ్వడానికి టెలికాం వాళ్లది మరో వరస. జొన్నరొట్టె గురించి మైకులో మాట్లాడటానికి రక్షణ శాఖ సరేననాలన్నమాట. ప్రసార శక్తి 100 వాట్లకు, టవరు ఎత్తు 30 మీటర్లకు మించకూడదు. సగం కార్యక్రమాలైనా స్థానికంగా తయారుచేయాలి. ఈ చివరి నిబంధన చదివి మాచునూరులో నవ్వుకునే ఉంటారు. అక్కడ ఉన్నవన్నీ స్థానికమే మరి.

2008 అక్టోబరు 15. ఐక్యరాజ్యసమితి తొలిసారి అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినం జరిపిన రోజు. మాచునూరులో ‘సంఘం రేడియో’ 90.4 మెగాహెర్ట్జ్ మీద గాలిలోకి వచ్చింది. దేశంలో స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో అనుమతితో మొదలైన తొలి కమ్యూనిటీ రేడియో అదే. బుందేల్‌ఖండ్‌లోని ఓర్ఛా రేడియో దానికంటే వారం ఆలస్యం. ప్రారంభించడానికి ఎవరిని పిలిచారో తెలుసా? పదమూడేళ్ల కింద గాలితరంగాలు ప్రజలవని తీర్పు రాసిన జస్టిస్ పీబీ సావంత్‌ను. తీర్పు రాసిన న్యాయమూర్తి అది ఓ పల్లెలో అమలైన రోజున అక్కడే నిలబడి మీట నొక్కే అవకాశం ఎంతమందికి వస్తుంది!

ఆ సాయంత్రానికి వాళ్ల దగ్గర పదేళ్ల రికార్డింగులున్నాయి. ఏ మాట ఎక్కడ తుంచాలో, ముసలమ్మను మైకు ముందు ఎలా కూర్చోబెట్టాలో, దగ్గు వస్తే ఎక్కడ ఆపాలో తెలిసిన మనుషులున్నారు. అన్నిటినీ మించి, ఏం వినాలనుందో చెప్పడం అలవాటైన వినేవాళ్లున్నారు. కొత్తగా లైసెన్సు చేతికొచ్చిన చాలా సంస్థలు గాలిలోకి వెళ్లాక వెతుక్కునేది వీళ్లనే.

అలాగని అంతా సాఫీగా లేదు. కమ్యూనిటీ రేడియోలో వార్తలు చెప్పకూడదన్నది నిబంధన. వానొస్తుందని చెప్పవచ్చు, కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పవచ్చు, పరీక్షల తేదీలు చెప్పవచ్చు. చెరువు తెగింది జాగ్రత్త అనవచ్చు. ఎవరి వల్ల తెగిందో అంటే మాత్రం వార్తవుతుంది! డబ్బుదీ ఇబ్బందే. మొదట్లో ప్రకటనలకు గంటకు అయిదు నిమిషాలే ఇచ్చారు. 2024లో పన్నెండుకు పెంచారు. కానీ కొర్రలు, సామలు పండించే ఊళ్లకు ప్రకటనలిచ్చే కంపెనీలెక్కడివి? ఇన్ని చిక్కులున్నా దేశంలో కమ్యూనిటీ రేడియోల సంఖ్య 500 దాటింది. ఈ కథలోని ఇద్దరు పెద్దలు ఇప్పుడు లేరు. జస్టిస్ సావంత్ 2021 ఫిబ్రవరిలో, పీవీ సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు.

ఈమధ్య ఇంకో తాళం బయటపడింది. ఒకప్పటి మీటల ఫోన్లలో ఎఫ్ఎం ఉండేది. ఇయర్‌ఫోన్ తీగ గుచ్చితే అదే యాంటెన్నా, పైసా ఖర్చు లేదు. చేలో పని చేసుకుంటూ వినేవారు. ఆ తర్వాత వచ్చిన స్మార్ట్‌ఫోన్లు చాలావాటిలో ఎఫ్ఎం మాయమైంది. అలాగని రేడియో అందుకునే చిప్పు లేక కాదు. చాలా ఫోన్లలో ఆ ఏర్పాటు లోపల ఉండనే ఉంటుంది, కంపెనీలే దాన్ని పనిచేయనివ్వకుండా ఉంచుతాయి. 2023లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఫోన్ల తయారీదారుల సంఘాలకు లేఖ రాసింది. ఉన్న ఎఫ్ఎంను ఆపకండి, ఫోనుతోపాటే పనిచేసేలా ఇవ్వండి అని. అది సలహాయే, ఆదేశం కాదు. 90.4 దగ్గర గాలిలో మాట ఉంటే, అది పదిహేను వందల రూపాయల మీటల ఫోనులో వినిపిస్తుంది. ఇరవై వేలు పెట్టి కొన్న ఫోనులో ఇప్పటికీ చాలాసార్లు వినిపించదు.